నీలగిరి కొండల మీద ఒక కొత్త మొక్క

నీలగిరి అనగానే మన పల్లెల్లో ముందుగా గుర్తుకు వచ్చేది నీలగిరి తైలం. జలుబు చేసినప్పుడు మరిగే నీళ్లలో రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టుకుంటాము. ఆ తైలం ఇచ్చే చెట్టునే మనవారు నీలగిరి చెట్టు అంటారు. కొన్ని జిల్లాల్లో జామాయిల్ అంటారు. అయితే ఆ చెట్టు నీలగిరులలో పుట్టినది కాదు. అది ఆస్ట్రేలియా దేశపు చెట్టు. 1843 ప్రాంతంలో దానిని ఓడల మీద తెచ్చి ఆ కొండలపై నాటారు. తరువాత వంటచెరకు కోసం కొండలకు కొండలే దానితో నింపారు.

ఆ కొండలలో దేవుడు తానే నాటిన చెట్టు వేరొకటి ఉన్నది. దాని పేరు రోడోడెండ్రాన్. మన జిల్లాల్లో అది సహజంగా పెరగదు గనుక తెలుగులో దానికి వాడుక పేరు లేదు. తమిళులు కాట్టుప్పూవరసు అంటారు. అంటే అడవి గంగరావి అని అర్థము. రోడోడెండ్రాన్ అనే మాట గ్రీకు భాషలోనిది. రోడోన్ అనగా గులాబి, డెండ్రోన్ అనగా చెట్టు. మన ప్రభువు కొండమీద ప్రసంగంలో మంచి చెట్టు మంచి ఫలములు ఫలించునని చెప్పిన చోట, మూల భాషలో ఉన్నది ఈ డెండ్రోన్ అనే మాటే. బైబిలులో ఈ చెట్టు ప్రస్తావన లేదు. అయినా దేవుని చేతిపనిని చూచి నేర్చుకొనుటకు అది అడ్డము కాదు.

క్రిస్మస్, నూతన సంవత్సర కూటములు ముగిసిన తరువాత, జనవరి చివరి వారంలో కొందరు కాపరులము, మా కుటుంబములతో కలిసి, నాలుగు దినముల ధ్యాన కూటమికి ఊటీ వెళ్లాము. విజయవాడ నుండి చెన్నై, అక్కడ రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మేట్టుపాళయం. అక్కడ నుండి కొండ రైలు. ఈ రైలు మార్గము కూనూరు వరకు 1899లోను, ఊటీ వరకు 1908లోను ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. 46 కిలోమీటర్ల దారి, 16 సొరంగాలు, 200కు పైగా మలుపులు. ఏటవాలు ఎక్కువగా ఉన్న చోట పట్టాల నడుమ రంపపు పళ్లవంటి ఇనుప పలక ఉంటుంది. ఇంజను అడుగున ఉన్న పళ్లచక్రము ఆ పళ్లను పట్టుకొని ఒక్కొక్క పన్ను చొప్పున పైకి ఎక్కుతుంది. పన్నెండున్నర అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు ఎక్కవలసిన చోట్లు ఉన్నవి. జారకుండ పట్టు దొరికితే ఎంత నిదానముగా పోయినా పైకే పోతుందని పిల్లలకు చూపించాము.

మన తెలుగు ప్రాంతంలో సేవ చేసిన మిషనరీలు కూడా పూర్వము వేసవిలో ఎండలకు తాళలేక నీలగిరికో, కొడైకెనాల్‌కో వెళ్లేవారు. ఊటీలో 1831లో ఆరాధన ప్రారంభమైన సెయింట్ స్టీఫెన్స్ దేవాలయము ఇప్పటికీ ఉన్నది. దాని దూలములు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను భవనం నుండి తెచ్చినవని చెబుతారు. ఆ దూలముల కింద కూర్చొని కొంతసేపు మౌనముగా ప్రార్థించుకొన్నాము.

మరునాడు దొడ్డబెట్ట చూడటానికి వెళ్లాము. నీలగిరులలో అదే ఎత్తైన శిఖరము, 2,637 మీటర్లు. అక్కడి కొండల సహజ రూపము ఒక వింత. కొండ భుజములంతా గడ్డి, లోయల మడతలలో మాత్రము గుబురుగా చిట్టడవి. ఆ అడవిని షోలా అంటారు. గడ్డికి, అడవికి మధ్య అంచున, ఒక్కొక్కటిగా దూరదూరముగా నిలబడి ఉన్నవి రోడోడెండ్రాన్ చెట్లు. వంకరలు తిరిగిన మాను, బెండువలె దళసరిగా పగిలిన బెరడు, తోలువంటి ఆకులు. ఆకును తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు నూగు. కొమ్మల చివర ఎర్రని పూలు, ఒక్కొక్క గుత్తి మన చెండు అంత. అప్పుడే పూత మొదలైనది. పచ్చగడ్డి మంచుకు మాడి గోధుమరంగుకు తిరిగిన ఆ కొండమీద ఆ ఎరుపు చూచి మాలో ఎవరికీ కొంతసేపు మాట రాలేదు.

ప్రపంచంలో ఈ జాతిలో 1000కి పైగా రకములు ఉన్నవి. మన దేశంలో ఎక్కువ భాగము హిమాలయ ప్రాంతంలో, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఉన్నవి. ఉత్తరాఖండ్‌లో దీనిని బురాంశ్ అని పిలిచి రాష్ట్ర వృక్షముగా పెట్టుకొన్నారు. దాని పూలతో షర్బతు చేస్తారు. నాగాలాండ్‌కు ఇది రాష్ట్ర పుష్పము. దక్షిణ దేశంలో మాత్రము ఎత్తైన కొండలపై ఉన్నది ఈ ఒక్క రకమే. హిమాలయములకు, నీలగిరులకు మధ్య ఎంత దూరమో మనకు తెలుసు. పూర్వము భూమి మీద చలి మిక్కుటముగా ఉన్న కాలంలో ఈ చెట్లు దక్షిణానికి వ్యాపించి, వేడి పెరిగిన తరువాత కొండ శిఖరములపైనే మిగిలిపోయినవని పండితులు తలంచుచున్నారు. దళసరి బెరడు వలన గడ్డికి నిప్పంటుకొన్నా ఈ చెట్టు బ్రతుకుతుంది. మంచును కూడా ఓర్చుకుంటుంది.

ఇంత గట్టి చెట్టు, మొక్కగా నాటిన తొలి రెండేండ్లలో ఎంత సుకుమారమో మేము బస చేసిన ధ్యాన గృహంలో తెలిసినది.

ఆ ఆవరణంలో ప్రార్థన గది ఎదుట ఒక చిన్న మొక్క ఉన్నది. మోకాలెత్తు. చుట్టూ వెదురు దడి. అంతకుముందు జూన్ నెలలో, తొలకరిలో నాటారట. తోటపని చూచే పెద్దాయన ప్రతి ఉదయము ముందుగా దాని దగ్గరకే వెళ్లేవాడు. చిత్తూరు జిల్లా నుండి మాతో వచ్చిన పాస్టరుగారికి అరవం బాగా వచ్చు. ఆయన ద్వారా అడిగితే పెద్దాయన చెప్పాడు, "ఈ చోట ఇది మూడో మొక్క అయ్యగారూ. ముందు రెండూ చనిపోయినవి. పట్టించుకోక చనిపోలేదు, ఎక్కువ పట్టించుకోవడం వల్ల చనిపోయినవి."

మొదటి దానిని ఎవరో గట్టిగా నిలబడాలని లోతు గుంత తీసి నాటారట. చుట్టూ పాదు కట్టి రోజూ నీళ్లు నింపారు. వేళ్లకు గాలి అందక కుళ్లిపోయినది. రెండవ దానికి ఆకులు పసుపు తిరిగితే బలము చాలలేదనుకొని, వచ్చిన వారు పోయిన వారు పెంట, యూరియా, పొయ్యిలోని బూడిద తెచ్చి వేశారు. ఆకుల అంచులు మాడి, వేసవి రాకముందే ఎండిపోయినది. ఈ మూడవ దానిని పెద్దాయన తన చేతిలోకి తీసుకొన్నాడు. ఇంకెవ్వరినీ దానికి ఏమీ వేయనివ్వడు.

ఆయన చెప్పిన సంగతులు మన రైతు కుటుంబములు విని ఆశ్చర్యపోవునట్టివి. ఎందుకంటే మనము చేసే పద్ధతికి చాలావరకు వ్యతిరేకము.

మనము మామిడికో కొబ్బరికో గుంత లోతుగా తీస్తాము. ఈ మొక్కకు గుంత వెడల్పే ముఖ్యము. వేళ్లతో వచ్చిన మట్టిముద్దకు రెండు మూడింతలు వెడల్పు, లోతు మాత్రము ఆ ముద్ద ఎంతో అంతే. నాటిన తరువాత ముద్ద పైభాగము నేలకంటె అంగుళము ఎత్తుగా కనబడాలి. దీనికి తల్లివేరు పట్టు తక్కువ. వెంట్రుకల వంటి సన్నని వేళ్లు నేలపై అడుగులోపలే చాపవలె పరచుకొని ఉంటవి. లోతున పాతితే వాటికి ఊపిరి ఆడదు. సంచిలో పెరిగి వేళ్లు గుండ్రముగా చుట్టుకొని ఉంటే, నాటేముందు వ్రేళ్లతో మెల్లగా విడదీయాలి. లేకపోతే మంచి నేల పక్కనే ఉన్నా వేళ్లు ఆ ముద్దలోనే తిరుగుచుండును.

ఈ మొక్కకు ఆమ్ల నేల కావాలి. వ్యవసాయ శాఖవారు ఉదజని సూచిక అంటారే, అది 4.5 నుండి 6 వరకు ఉండాలి. తేయాకుకు కూడా ఇటువంటి నేలయే. సున్నము దీనికి శత్రువు. నేలలో సున్నము ఉంటే వేళ్లు ఇనుమును తీసుకోలేవు. అప్పుడు ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ ఆకు పసుపు తిరుగుతుంది. దానికి మందు ఎరువు కాదు. అది తెలియకే రెండవ మొక్క పోయినది. పెద్దాయన ఈసారి గోడకు ఎనిమిది అడుగులు దూరముగా నాటాడు. కారణము అడిగితే నవ్వి, "పండుగకు గోడలకు సున్నము వేస్తారు గదా" అన్నాడు. మన దేవాలయముల చుట్టూ క్రిస్మస్‌కు ముందు సున్నపు నీళ్లు ఎంత ధారాళముగా కారుతాయో అందరికీ తెలిసినదే.

మొదటి ఏడు ఎరువు లేదు. దానికి బదులు పాత రోడోడెండ్రాన్ చెట్టు కింద కుళ్లిన ఆకుమట్టి ఒక బుట్టెడు తెచ్చి గుంతలో కలిపాడు. ఆ మట్టిలో కంటికి కనబడని బూజు జాతి జీవులు ఉంటవి. అవి ఈ మొక్క వేళ్లలో చేరి, నేలలో ఉన్న సారమును దానికి అందించును. మొక్క తాను తయారుచేసిన ఆహారంలో కొంత వాటికి ఇచ్చును. ఒంటరిగా ఈ మొక్క బ్రతకలేదన్నమాట. పాత చెట్టు కింది మట్టి కొత్త మొక్కకు బలము.

మొదలు చుట్టూ మూడు అంగుళముల మందాన ఎండాకు పరిచాడు, కాండమునకు నాలుగు వ్రేళ్లు దూరము విడిచి. కాండమునకు ఆనితే అక్కడ కుళ్లు పట్టునట. ఆ ఆకుపరుపు ఎండకు వేళ్లను కాయును, తేమ నిలుపును, కుళ్లి ఆహారమగును. దాని కింద గునపము, పార, బొరిగె ఏదీ వాడకూడదు. కలుపు వస్తే చేతితోనే మెల్లగా పీకాలి. తవ్వితే కలుపుతోపాటు వేళ్లూ తెగును.

జనవరి నుండి మార్చి వరకు అక్కడ వానలు తక్కువ. ఆ మూడు నెలలే గండము. పెద్దాయన వానాకాలంలో కప్పుమీదినుండి పట్టిన నీళ్లు తొట్టిలో దాచి, వారానికి రెండుసార్లు అర బకెట్టు పోస్తున్నాడు. అదికూడా లెక్క ప్రకారము కాదు. ముందు ఆకు తొలగించి వ్రేలు మట్టిలో పెట్టి చూస్తాడు. తడి ఉంటే పోయడు. ఆకులు వాలినట్లు కనబడినా తొందరపడడు, ఎందుకంటే నీళ్లు తక్కువైనా, ఎక్కువైనా ఆకు వాలుతుంది. వ్రేలు పెట్టి చూడందే ఏదో తెలియదు.

సాయంత్రము ఆరు గంటలకు నాలుగు కర్రలపై గోనెపట్టా కప్పి, దానిమీద ఎండు ఫెర్ను కొమ్మలు వేస్తాడు. రాత్రి మంచు గడ్డకట్టి తెల్లవారేసరికి గడ్డి అంతా ఉప్పు చల్లినట్లు ఉంటుంది. ఎండ రాగానే పట్టా తీసివేస్తాడు. ఒక ఉదయము మేము చూచేసరికి ఆకులు చుట్టవలె చుట్టుకొని వేలాడుచున్నవి. మాతో వచ్చిన పిల్లలు చచ్చిపోయిందని కంగారుపడ్డారు. చలికి ఈ చెట్టు అట్లే ముడుచుకొని, వెచ్చబడిన తరువాత విప్పుకొంటుందని పెద్దాయన చెప్పాడు. పది గంటలకల్లా ఆకులు మామూలుగా ఉన్నవి.

దడి ఎందుకంటే మేకల కొరకు. ఈ ఆకులో విషమున్నది. మేకలు, పశువులు తింటే చావవచ్చును. దీని జాతిలోని ఒక చెట్టు నల్లసముద్రపు ఒడ్డున పొంతు దేశంలో విస్తారముగా పెరుగును. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దం చివర గ్రీకు సైనికులు ఆ ప్రాంతంలో తేనె త్రాగి స్పృహ తప్పి పడిపోయారని వారి నాయకుడు క్సెనోఫోను వ్రాశాడు. పేతురు తన మొదటి పత్రిక ఎవరికి వ్రాసెనో వారిలో ఆ పొంతులో చెదరియున్న విశ్వాసులు కూడ ఉన్నారు. అకుల పుట్టినది ఆ దేశంలోనే. అందమైనది గదా అని పిల్లలను ఆకు నమలనీయకూడదు.

ఆ రాత్రి కూటములో మాలో ఒక యౌవన కాపరి మంచి ప్రశ్న అడిగినాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో తోటమాలి అంజూరపు చెట్టు చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని చెప్పినాడు గదా, ఇక్కడ త్రవ్వితే, ఎరువు వేస్తే మొక్క చచ్చిపోవుచున్నదే, మనము ఏది బోధించాలి? అందరము కొంత ఆలోచించాము. ఆ తోటమాలి తన చెట్టును ఎరిగినవాడు. అది మూడేండ్లుగా కాపు కోసము చూచిన చెట్టు, కొత్త మొక్క కాదు. అంజూరానికి ఏది కావాలో అది చేయబూనినాడు. మన పెద్దాయనకూ, ఆ తోటమాలికీ పని వేరుగాని మనస్సు ఒక్కటే. గొడ్డలికీ చెట్టుకూ మధ్య నిలబడి ఇంకొక ఏడు గడువు అడిగిన మనస్సు అది. అక్కడ త్రవ్వుట ప్రేమ. ఇక్కడ త్రవ్వకుండుట ప్రేమ.

అప్పుడు మా బృందంలో పెద్దదైన ఒక అమ్మగారు మెల్లగా అన్నది, "మా ఇంటికి ఫాల్గుణంలో కోడలు వస్తున్నది. వచ్చిన రోజునుండే ఏమేమి నేర్పాలో జాబితా వ్రాసుకొన్నాను. ఊరికి పోగానే చించివేస్తాను." అందరము నవ్వాము. కాని ఆ మాట తరువాత చాలాసేపు ఎవరమూ లేవలేదు.

ప్రియ చదువరులారా, మన సంఘములలో కొత్తగా నాటబడిన వారు ఎందరో ఉన్నారు. బాప్తిస్మము పొంది ఆరు నెలలు కాని కుటుంబము. పొరుగు జిల్లా నుండి వచ్చిన కోడలు. పదవ తరగతి తరువాత పట్నపు హాస్టలుకు పోయిన బిడ్డ. వారు వాడిపోతే, పట్టించుకొనలేదని మనము అనుకొంటాము. చాలాసార్లు కారణము వేరు. కొత్త విశ్వాసిని రెండవ ఆదివారమే సాక్ష్యము చెప్పమంటారు, మూడవ నెలలో సంఘపు లెక్కలు అప్పగిస్తారు, పాత అలవాటు ఒక్కటి కనబడితే పదిమందిలో గద్దిస్తారు. గుంత లోతు, ఎరువు ఎక్కువ, పార దెబ్బ. మూడూ ఒక్కసారే.

నాలుగు మాటలు నోరు తెరచి ప్రార్థించలేని వానికి వేరు లేదని తీర్పు తీర్చకూడదు. కొందరికి వేళ్లు పైపైనే పరచుకొని ఉండును. అటువంటి చెట్లే దొడ్డబెట్ట గాలికి, నిప్పుకు, మంచుకు నిలిచి ఎర్రగా పూయుచున్నవి. వారికి మనము చేయవలసినది పాదముల దగ్గర నీడ పరచుట, అనగా ఇంటికి పిలిచి అన్నము పెట్టుట, జ్వరము వచ్చినప్పుడు పక్కన కూర్చొనుట, ఒక పాత విశ్వాసి కుటుంబముతో స్నేహము కలుపుట. పాత చెట్టు కింది మట్టి అంటే అదే. ఆకు వాలినప్పుడు ముందు వ్రేలు పెట్టి చూడాలి. హాస్టలులో ఉన్న బిడ్డ ఫోనులో ముభావముగా మాట్లాడితే వెంటనే వాక్యము చదువుచున్నావా అని అడుగుటకు ముందు, అన్నము తిన్నావా, నిద్ర పడుతున్నదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగాలి. చలికి ముడుచుకొన్న ఆకు చచ్చిన ఆకు కాదు.

నలిగిన రెల్లును విరువని ప్రభువును గూర్చి యెషయా ప్రవక్త చెప్పినాడు. పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే అని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో చదువుతాము. నీళ్లు పోసేవానికి హద్దు ఉన్నదని ఆ మాటలోనే ఉన్నది. పెద్దాయన మొక్కను పైకి లాగి పెంచడు. రాత్రి కప్పుతాడు, ఉదయము తీస్తాడు, మిగిలినది దేవునికి విడిచిపెడతాడు. విత్తనము నుండి వచ్చిన మొక్క పూయుటకు చాలా ఏండ్లు పట్టును. ఆ పూలను తాను చూడకపోవచ్చునని ఆయనకు తెలుసు.

బయలుదేరేటప్పుడు మాలో ఒకరు ఒక మొక్క ఇస్తే మా పల్నాడులో దేవాలయము ముందు నాటుకొంటామని అడిగారు. పల్నాడు నేల సున్నపురాతి నేల, బోరు నీళ్లు ఉప్పన, మే నెల ఎండ 45 డిగ్రీలు. వివరము విని పెద్దాయన చేతులు జోడించి, "వద్దు అయ్యగారూ, మీ ప్రేమకు అది చచ్చిపోతుంది. మీ నేలలో పుట్టినదే నాటుకోండి" అన్నాడు. న్యాయమైన మాట. అది అడవి గంగరావి అయితే, అసలు గంగరావి మన కోస్తాలోనే ఉన్నది గదా. ఉప్పునేలకు, సముద్రపు గాలికి ఓర్చుకొని, పసుపుపచ్చని పూలతో చల్లని నీడ ఇచ్చును. లేదా వేప ఉన్నది, కానుగ ఉన్నది.

ఈ తొలకరికి ప్రతి సంఘము దేవాలయపు ఆవరణంలో ఒక మొక్క నాటితే బాగుండును. ఆదివారపు బడి పిల్లలలో ఇద్దరికి దాని బాధ్యత అప్పగించండి. దానితోపాటు, ఈ సంవత్సరము సంఘములో చేరిన ఒక్కొక్క కొత్త కుటుంబమును ఒక్కొక్క పాత కుటుంబమునకు అప్పగించండి. ఏడు తిరిగేసరికి ఆ మొక్క చిగురు వేసినదా, ఆ కుటుంబము మనతో కూర్చున్నదా, రెండూ చూచుకొందము. వృద్ధి కలుగజేయు దేవుడు మన చేతులకు ఓర్పును, మన కన్నులకు వివేచనను దయచేయును గాక. ఆమేన్.